తెలుగు రాని మెకానిక్

"ఈయనేంటే, ఉలకడు పలకడు! ముక్కు మాత్రం భలే ఉంది."

ఆ మాటన్న అమ్మాయి మొదటిరోజే క్లాసుకి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. తడిసిన గొడుగు నా కాళ్ళమీదే దులిపి, సారీ అయినా చెప్పకుండా స్నేహితురాలితో నా ముక్కు గురించి మాట్లాడుతోంది. నేను గోడవైపు చూస్తూ కూర్చున్నాను. నవ్వాపుకోవడం ఎంత కష్టమో ఆరోజే తెలిసింది.

నేను మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే మెకానిక్‌ని. మా ఇంటి భాష వేరు. దానికి లిపి లేదు, పుస్తకం లేదు. ఒకరోజు షాపులోంచి అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే, మిక్సీ బాగుచేయించుకోవడానికొచ్చిన లింగ్విస్టిక్స్ మేడమ్ ఒకావిడ విన్నారు. భాషల శాస్త్రం చెబుతారట. ఇలాంటి భాషల్లోకి బైబిల్ని అనువదించడానికి వెళ్ళబోయేవాళ్ళు ఆవిడ దగ్గర చదువుకుంటున్నారు. ముందు తెలియని భాషని వినడం, రాసుకోవడం రావాలి కదా! దానికి నాలాంటివాడు కావాలట.

"ఒక్కటే షరతు," అన్నారు మేడమ్. "నాలుగు వారాలు క్లాసులో ఒక్క తెలుగు ముక్క మాట్లాడకూడదు. నీ నోట తెలుగొచ్చిందా, వీళ్ళిక కష్టపడరు."

ఈయనకి తెలుగు రానట్టే మెలగమని క్లాసుకీ చెప్పారు. అప్పటికి మన ఆలస్యపు మహారాణి ఇంకా దారిలోనే ఉంది. నాకు నిజంగానే తెలుగు రాదని ఖాయం చేసుకుంది. స్నేహితురాలు తెలిసీ చెప్పలేదు, తమాషా చూద్దామని.

రోజూ అరగంట నా ఎదురుగా కూర్చునేది. రాయి చూపిస్తే దాని పేరు చెప్పేవాణ్ణి. రాయి కింద పడేస్తే, పడిందని మా భాషలో అనేవాణ్ణి. నా పెదాలనే చూస్తూ పలికేది, తప్పు పలికేది, నాలుక కరుచుకుని మళ్ళీ పలికేది. అలిసిపోతే తన కష్టాలు తెలుగులో నాతో చెప్పుకునేది. బజార్లో మా భాష మాట్లాడాలంటే సిగ్గుపడేవాణ్ణి నేను. ఆ మాటల్నే ఆమె నోట్సులో దిద్దుకుంటుంటే ఎంత ముద్దొచ్చిందో, ఏం చెప్పను!

మూడోవారం ఒకరోజు నోట్సు మూసేసింది.

"ఇది పిచ్చి చదువంటారు మా నాన్న," అంది నాతో, తెలుగులో. "స్కూల్లో టీచరుద్యోగం చూసిపెట్టారు. ఆయనన్నదే నిజమేమో. ఇన్ని రోజులైనా మీ మాటలు సరిగ్గా పలకలేకపోతున్నా. నావల్ల కాదు. రేపు బస్సెక్కేస్తా." నన్ను చూసి నవ్వింది, కళ్ళనిండా నీళ్ళతో. "మీకు చెప్పుకుంటే హాయిగా ఉంటుంది. అర్థం కాదుగా!"

నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ అమ్మ గుర్తొచ్చింది. ఇరవయ్యేళ్ళుగా చర్చిలో వెనక వరసలో కూర్చుని, తెలుగులో చెప్పేది ఏమీ అర్థం కాకపోయినా నలుగురితో పాటు ఆమేన్ అంటుంది. అమ్మ సంగతి సరే, ఈ పిల్ల వెళ్ళిపోతే నేనేమైపోవాలి?

"వెళ్ళకండి," అనేశాను.

ఆమె చేతిలో పెన్ను కిందపడింది. "మీకు... తెలుగొచ్చా?"

"షాపు బోర్డు నేనే రాసుకున్నానండి. తెలుగులో."

"అయితే మొదటిరోజు నేను... ముక్కు..."

"విన్నానండి."

మొహం కందగడ్డలా అయిపోయింది. "మూడు వారాలు! నా గోడంతా వెళ్ళబోసుకుంటుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని విన్నారా?"

వానలోనే విసవిసా వెళ్ళిపోయింది.

మర్నాడు క్లాసుకి రాలేదు. మేడమ్‌కి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "షరతు తప్పావు. ఇక రానక్కర్లేదు," అన్నారు. అని, ఎందుకో మా ఇంటి అడ్రసు రాసుకున్నారు. ఆమె బస్సెక్కేసిందా అని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆరోజు నేను బాగుచేసిన ఫ్యాను వెనక్కి తిరిగింది. షాపు కట్టేసి ఇంటికెళ్ళాను.

చూద్దును కదా, ఆమె మా వంటింట్లో అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది!

"మేడమ్ అడ్రసిచ్చారు," అంది నావైపు చూడకుండా. "మీ అమ్మగారికి నిజంగానే తెలుగు రాదు. ఆవిడ దగ్గర మోసం ఉండదు."

అమ్మ నా చెయ్యి పట్టుకుని మా భాషలో గలగలా మొదలుపెట్టింది. "ఒరే, విన్నావా! ఒకాయనకి చాలా మేకలట. ఒకటి తప్పిపోయిందట. మిగతావన్నీ వదిలేసి దానికోసం పోయాడట. దొరికిందిరా! భుజానెత్తుకొచ్చాడట!"

ఏసు చెప్పిన తప్పిపోయిన గొర్రె కథ. అమ్మకి మా భాషలో చెప్పింది ఆమే. గొర్రెకి మా మాట ఇంకా నేర్చుకోలేదు కాబట్టి మేకతో సరిపెట్టింది. అమ్మ చర్చిలో ఈ కథ ఎన్నిసార్లు విని ఉంటుందో! అర్థమవడం మాత్రం ఇదే మొదలు. నాకు ఏడుపొచ్చింది.

"పలకడం సరిగ్గా రాదు పిల్లకి," అంది అమ్మ. "అయినా నాకు తెలిసిపోయింది."

"మరి బస్సు?" అనడిగాను ఆమెని.

"వెళ్ళట్లేదు. అమ్మగారు కథ తిరిగి చెబుతుంటే నాన్నకి ఫోన్లో వినిపించా. 'ఆవిడకంత సంతోషమేంటే?' అన్నారు. చెప్పా. 'సరే, ఉండు' అన్నారు."

"నేను వెళ్ళకండన్నది అమ్మ కోసమే కాదండి..."

"ఆగండి! మీ తెలుగుని నేను నమ్మను. మీ భాషలో చెప్పండి."

"ఇక్కడా? అమ్మ ముందా?"

"ఆఁ, అమ్మ ముందే."

చెప్పాను. చెవులు వేడెక్కిపోయాయి. అమ్మ చేతిలో చిక్కుడుకాయ జారిపోయింది.

ఆమె గబగబా నోట్సు తెరిచి అమ్మవైపు తిరిగింది. ఆ మాట తనకింకా రాదు, అంటే ఏంటని వచ్చీరాని మా భాషలో అడిగింది.

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆమె చేతిలోని పెన్ను తీసి పక్కన పెట్టి, ఆ చెయ్యి తెచ్చి నా చేతిలో ఉంచింది.

ఆమె తల దించుకుని ఆ మాట మెల్లగా అంది. తప్పు పలికింది. అమ్మ ఊరుకుంటుందా? సరిగ్గా వచ్చేదాకా మూడుసార్లు అనిపించింది.

నాలుగోసారి ఎవరూ అడక్కుండానే అంది.