కత్తిరించిన అంచు

ఆ ఇంట్లో తెల్లవారుజాము నమాజు అయ్యాక టీ కంటే ముందు ప్రూఫు చదవడం మొదలవుతుంది. ఇల్లూ ప్రెస్సూ ఒకటే. ముందు రెండు గదుల్లో మిషన్లు, వెనక రెండు గదుల్లో మనుషులు. ఏడాదంతా శుభలేఖలు, రసీదు పుస్తకాలు, కరపత్రాలు వేసి బతుకుతారు కానీ ఆ ప్రెస్సుకు పేరు తెచ్చింది మాత్రం కేలండరు. గోడకు తగిలించుకుని రోజుకో కాగితం చింపుకునేది. ప్రతి కాగితం మీద తేదీ, దాని కింద ఒక హదీసు, అంటే ప్రవక్త చెప్పిన ఒక మాట.

ఆ ప్రూఫు చదవడానికి ముగ్గురు కావాలి. తల్లి కాగితం పట్టుకుని పైకి చదువుతుంది. తండ్రి తన తండ్రి చేతిరాతతో ఉన్న నోటుబుక్కులో వేలు పెట్టి అక్షరం అక్షరం పోల్చుకుంటాడు. చిన్న కూతురు ఎర్ర పెన్సిలుతో టిక్కు పెడుతుంది. ముగ్గురూ సరే అననిదే ఏ కాగితమూ అచ్చు ప్లేటుకు వెళ్ళదు. ఇది తాత పెట్టిన పద్ధతి. ప్రవక్త మాట ఒక్క అక్షరం తేడాగా పోయినా అల్లా దగ్గర జవాబు చెప్పుకోవాలని ఆయన భయం. తాత పోయి ఏడేళ్ళయింది. ఆ భయం మాత్రం కొడుక్కి వచ్చింది.

కొడుకుని వీధిలో అందరూ ప్రెస్సాయన అంటారు. మంచివాడే. ఒకరి సొమ్ము ముట్టడు, నమాజు తప్పడు, అరువు అడిగినవాణ్ణి తిప్పించుకోడు. తను అన్నదే న్యాయం అనుకోవడం ఒక్కటే ఆయన జబ్బు. దానికి మందు ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదు.

ఆ ఉదయం ప్రూఫు మార్చి నెల దాకా హాయిగా నడిచింది. ఏప్రిల్ మూడో వారానికి వచ్చేసరికి తల్లి గొంతు తగ్గింది. ప్రతి ఏడూ అక్కడికి రాగానే తగ్గుతుంది. అయినా చదివింది.

"పెద్దల మాట కాదని గడప దాటినవారికి మీ తలుపు తెరవకండి."

"సరే," అన్నాడు తండ్రి, వేలు తియ్యకుండానే.

ఎర్ర పెన్సిలు కదల్లేదు.

ఆరేళ్ళ కిందట పెద్ద కూతురు తండ్రి వద్దన్న మనిషిని పెళ్ళి చేసుకుంది. కుట్టు మిషన్లు బాగుచేసేవాడు. వీళ్ళ మతమే, వీళ్ళు వెళ్ళే మసీదుకే వస్తాడు, ఏ దురలవాటూ లేదు. తండ్రి అప్పటికే ఇంకొకరికి మాటిచ్చి ఉన్నాడు, అదీ సంగతి. పెళ్ళయిన మూడో రోజున పిల్ల వచ్చి గుమ్మం ముందు నిలబడింది. లోపల తల్లి గడియ మీద చెయ్యి వేసింది. అప్పుడు ఆయన నోటుబుక్కు తెచ్చి ఈ వాక్యం చదివి వినిపించాడు. నా మాట కాదు, ప్రవక్త మాట, తీస్తే తియ్యి అన్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. బయట పిల్ల అరగంట నిలబడి వెళ్ళిపోయింది. ఆ ఏటి నుంచే ఆ వాక్యం కేలండరులోకీ ఎక్కింది. ఇప్పుడు నాలుగు వీధుల అవతల ఉంటుంది. దానికి నాలుగేళ్ళ కొడుకున్నాడు. అమ్మమ్మ వాణ్ణి రెండుసార్లు చూసింది, రెండుసార్లూ రోడ్డుకు ఇవతల నుంచే.

"టిక్కు పెట్టవేం?" అన్నాడు తండ్రి.

"దీనికి పెట్టలేను నాన్నా. ఇది హదీసు కాదు."

చిన్నది ఆడపిల్లల మతపాఠశాలలో మూడో ఏడు చదువుతోంది. ఏ మాటను ఎవరు ఎవరి దగ్గర విన్నారు, వాళ్ళు నమ్మదగ్గవాళ్ళేనా, ఆ వరస మధ్యలో ఎక్కడైనా తెగిందా అని చూడటమే అక్కడి చదువు. రెండు నెలలుగా కేలండరులోని మాటలన్నిటినీ తన టీచరుతో కూర్చుని పుస్తకాల్లో వెతికింది. ఒకటి తప్ప అన్నీ దొరికాయి. ఓ నాలుగు మాత్రం వరస గట్టిగా లేక బలహీనమైనవని తేలింది. వాటి బదులు వేరేవి పెడదామని ముందు వారమే చెబితే, హదీసులకు కూడా జలుబూ దగ్గూ వస్తాయా అని తండ్రి ఎగతాళి చేశాడు. చివరికి ఒప్పుకున్నాడు. దొరకనిది ఈ ఒక్కటే.

"అంటే మీ తాత అబద్ధం రాశాడంటావు."

"తాతని నేనేమీ అనలేదు. ఏ మాటైనా ఒకరి నుంచి ఒకరికి, అలా ప్రవక్త దాకా చేరాలి కదా. ఇది తాత దగ్గరే ఆగిపోయింది. అంతకు ముందు ఎవరూ లేరు."

ప్రెస్సాయన నోటుబుక్కు మూశాడు. ఆ తర్వాత అన్నవన్నీ రాస్తే బాగుండదు. నాలుగు అక్షరాలు రాగానే నెత్తికెక్కిందనీ, ఆ టీచరమ్మ ఎవరు మా నాన్నకు పాఠం చెప్పడానికి అనీ మొదలుపెట్టి, అసలు సంగతికి వచ్చాడు.

"నువ్వు దాని ఇంటికి వెళ్ళొస్తున్నావని నాకు తెలియదనుకున్నావా? అక్క కోసం ధర్మాన్నే మార్చేస్తున్నావు."

తల్లి తలెత్తి చిన్నదాని వైపు చూసింది. ఆమెకు ఈ సంగతి తెలియదు.

"వెళ్తున్నాను," అంది చిన్నది. "అందుకే మిగతావాటి కంటే దీన్ని రెండింతలు వెతికాను. నాకు ఇష్టం లేదు కాబట్టి దొరకలేదనుకుంటున్నానేమో అని భయం వేసింది. మీరు ఆ రోజు అంత వెతికారా? మీకు అవసరం వచ్చింది, నోటుబుక్కు తెరిచారు, కావలసింది దొరికింది. ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్కరినైనా అడిగారా?"

"టిక్కు పెట్టు. లేదా ఆ పెన్సిలు అక్కడ పెట్టి లోపలికి పో. రేపటి నుంచి చదువూ లేదు, ప్రెస్సూ లేదు."

పిల్ల పెన్సిలు బల్ల మీద పెట్టింది. లోపలికి మాత్రం పోలేదు. ప్రతి ఏడూ ఈ మాట అమ్మ చేతే చదివిస్తారు, అది కూడా మీకు పట్టదు అంది. నోరు ముయ్యమన్నాడు. ముయ్యనంది. ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచాడు, ఆడపిల్లల్ని చదివించడమే నేను చేసిన తప్పు అన్నాడు. పెద్దదాన్ని చదివించలేదుగా, అది మాత్రం మీ దగ్గర ఉందా అంది చిన్నది. చెయ్యి లేచేదే. భార్య మధ్యలోకి రాకపోతే పడేది కూడా.

ఆమె భర్త చేతిని పట్టుకోలేదు, నోటుబుక్కును తీసుకుంది.

"మామయ్య ప్రతి పేజీ అడుగునా ఏ పుస్తకంలోదో రాసేవారు," అంది నెమ్మదిగా. "నేను కాపురానికి వచ్చినప్పుడు చూశాను. అవేవి?"

అవి ఏమయ్యాయో ముగ్గురికీ తెలుసు. తాత పోయాక నోటుబుక్కు కాగితాలు చిరుగుతుంటే ప్రెస్సాయన ప్రేమగా కొత్త అట్ట వేసి మళ్ళీ కుట్టాడు. బైండింగు చేసేవాడి చెయ్యి ఊరుకుంటుందా, అంచులు హెచ్చుతగ్గులుగా ఉన్నాయని కటింగ్ మిషనులో పెట్టి అడుగున బెత్తెడులో సగం కోసేశాడు. ఎంత నున్నగా వచ్చిందో అని వచ్చినవాళ్ళందరికీ చూపించాడు కూడా.

"కోసినా అక్షరాల పై చివర్లు మిగిలే ఉంటాయి," అంది ఆమె. "మీరే చదవండి. మీకు తప్ప ఎవరికీ రాదు."

నిజమే. పదేళ్ళ వయసు నుంచి సీసపు అక్షరాలను తలకిందులుగా చదివి పెరిగినవాడు ఆయన. అక్షరం సగం కనిపిస్తే మిగతా సగం ఆయనకు తెలిసిపోతుంది. అచ్చు చుక్కలు చూసే చిన్న భూతద్దం తీసి, ముందు ఒక మామూలు పేజీ మీద పెట్టాడు. అడుగు అంచున గీతల్లా మిగిలిన తలకట్లు. చూసి ఆ పుస్తకం పేరు చెప్పాడు. చిన్నది తన కాగితంలో చూసుకుని ఔనంది. ఇంకో పేజీ చూసి ఇంకో పేరు చెప్పాడు. అదీ సరిపోయింది.

తర్వాత ఆ పేజీ తీశాడు. భూతద్దం పెట్టి వంగాడు. చాలాసేపు లేవలేదు.

ఆ తలకట్లు చదవగలిగినవాడు ఆ గదిలో ఆయన ఒక్కడే. ఏదో ఒక పుస్తకం పేరు చెప్పేస్తే అయిపోయేది. చిన్నది నమ్మకపోయినా కాదని చూపించలేదు. కాగితం ప్లేటుకు వెళ్ళేది, పెద్ద కూతురికి ఆ తలుపు ఇక ఎప్పటికీ తెరుచుకునేది కాదు. తల్లికి ఇదంతా తెలుసు. చీర కొంగు పిడికిట్లో నలుపుతూ ఆయన వీపు వైపు చూస్తూ నిలబడింది.

ఆయన నిటారుగా లేచాడు.

"పుస్తకం పేరు కాదు. 'ఇది నా మాట' అని రాసుకున్నాడు నాన్న." నోటుబుక్కు అంచు మీద వేలు రాశాడు. "నేను కోసేశాను. మా నాన్న కోపంలో రాసుకున్న మాటని ఆరేళ్ళుగా ప్రవక్త పేరు మీద అచ్చేశాను."

ఆయన అట్టల కట్ట మీద కూలబడ్డాడు. ప్రవక్త అనని మాటను ఆయనకు అంటగట్టడం ఎంత ఘోరమో చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాడు. ఎన్ని వేల గోడల మీద వేలాడిందో లెక్కవేసుకుంటున్నాడేమో, పెదవులు కదులుతున్నాయి. చిన్నదానికి జాలి వేసి నీళ్ళ గ్లాసు అందించింది.

తల్లికి జాలి వెయ్యలేదు. పేజీ పైన తాత వేసిన తేదీ చూసింది. ఇన్నాళ్ళూ అది హదీసు ఎత్తిరాసుకున్న తేదీ అనుకున్నారు.

"ఇది మీరు మామయ్యతో పోట్లాడి వేరే ప్రెస్సులో చేరిన ఏడు. పెళ్ళి కాకముందు, ఎనిమిది నెలలు. మీరే చెప్పారు నాకు. ఇది మీ మీద రాసుకున్న మాట." ఆమె గొంతు పెరగలేదు, గట్టిపడింది. "మీరు తిరిగొస్తే ఆయన తలుపు తీశాడు. రాసినవాడే ఆ మాట మీద నిలబడలేదు. మీరు నిలబడ్డారు, నన్ను నిలబెట్టారు. నా కూతురు కడుపుతో ఉన్నప్పుడు తల్లి లేదు, కన్నప్పుడు తల్లి లేదు. నాకు ఆ ఆరేళ్ళు ఏ మిషనులో పెట్టి అతికిస్తారు?"

ఆమె లోపలికి వెళ్ళి బురఖా తగిలించుకుని వచ్చింది. నేనూ వస్తానన్నాడు. వద్దంది. ఆ ఇంట్లో ఆమె ఆయనకు వద్దు అని చెప్పడం అదే మొదలు. ఆయన ఏప్రిల్ కాగితం ముందుకు లాక్కుని, అయితే రేపు వెళ్తానన్నాడు.

పెద్దది మేడ మీద రెండు గదుల్లో ఉంటోంది. భర్త పనికి వెళ్ళాడు, పిల్లవాడు బడికి వెళ్ళాడు. తలుపు తీసి తల్లిని చూసి, చెయ్యి తలుపు మీద నుంచి తియ్యకుండా అలాగే నిలబడింది. తల్లి గుమ్మంలో నిలబడే అంతా చెప్పింది. నోటుబుక్కు, కోసిన అంచు, చెల్లెలు వెతకడం, నాన్న చదవడం. ఆ మాట ప్రవక్తది కాదని తేలిపోయిందమ్మా అని ముగించింది. కూతురు మెడ చుట్టుకుని ఏడుస్తుందనుకుందో ఏమో.

పెద్దది ఏడవలేదు.

"అయితే దొంగ మాట అని తేలింది కాబట్టి వచ్చావు. నిజమైనదని తేలితే వచ్చేదానివి కాదు."

తల్లి గుమ్మం మీంచి అడుగు వెనక్కి వేసింది.

"ఆ రోజు గడియ చప్పుడు విన్నానమ్మా. నువ్వు చెయ్యి వేశావు, తీశావు. నాన్న ఏదో చదివాడని చెల్లి తర్వాత చెప్పింది. మీ ముగ్గురూ ఆ మాట ఎవరిదని కొట్టుకోండి, నాకెందుకు? నాన్న అన్నాడు, తాత రాశాడు, చెల్లి వెతికింది. నువ్వేం అన్నావు?"

మెట్ల మీద ఎవరో కింది వాటావాళ్ళు దిగిపోయారు. తల్లి గోడ పట్టుకుంది.

"నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది," అంది. "ప్రవక్త ఒక తల్లికి ఇలాంటి మాట చెబుతాడా అనిపించింది. మసీదులో ఇమాం గారి భార్యని అడిగితే తెలిసేది. అడగలేదు. ఔను, నిజమే అంటుందేమోనని భయం. అడగనంత కాలం కొంచెం ఆశ ఉండేది. ఆ ఆశ కోసం నిన్ను ఆరేళ్ళు బయట ఉంచాను. మీ నాన్నది అజ్ఞానమే. నాది అది కూడా కాదు, పిరికితనం. తలుపు తియ్యాల్సింది. ఏ పుస్తకంలో ఏం రాసి ఉన్నా తియ్యాల్సింది."

అని, ఇక ఆపుకోలేక ఏడ్చింది. బురఖా అంచు నోట్లో కుక్కుకుని, వాటాల్లో వాళ్ళకు వినపడకుండా, అంత వయసు మనిషి చిన్నపిల్లలా ఏడ్చింది. పెద్దది ఊరుకోమనలేదు. కళ్ళు మాత్రం తుడుచుకుంది.

"నాన్న ఏం చేస్తున్నాడు?" అంది చివరికి.

ఆయన ఏప్రిల్ కాగితం మీద ఆ మాట తీసేసి, ఇన్నేళ్ళూ తప్పు అచ్చువేశామని, ఆ తప్పు తనదేనని రాస్తున్నాడని చెప్పింది తల్లి. "రేపు నీ దగ్గరికి వస్తానన్నాడు. నువ్వు తలుపు తియ్యకపోతే బయటే నిలబడతానన్నాడు."

"నిలబడనీ."

ఆ మాట అన్నాక పెద్దది తల్లి కాళ్ళ వైపు చూసింది. తర్వాత పక్కకు జరిగింది.

"చెప్పులు లోపల పెట్టుకో అమ్మా. బయట వదిలితే కుక్కలు ఎత్తుకుపోతాయి."