ఖాళీ క్యాసెట్టులో చప్పుడు

జ్యోతిర్మయికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తన కూతురు కుమారి కన్నతండ్రి గొంతు ఎరగకుండానే పెరిగిపోతుందేమోనని. ముఖమంటే ఫొటోలో ఉంది. గొంతు మాత్రం ఒకే ఒక్క క్యాసెట్టులో ఉండేది. ఇప్పుడా క్యాసెట్టు మూగపోయింది.

ఆ భయంతోనే 2001 వేసవిలో ఒక మధ్యాహ్నం పిల్లను చంకనేసుకుని గిలకలదిండి నుంచి బందరు కోనేరు సెంటరుకు వచ్చింది. ఇంటర్నెట్ సెంటరు మీద గదిలో ఉండే ప్రైవేట్ డిటెక్టివ్ నరసింహారావు ముందు నిలబడింది.

"కూర్చో తల్లీ. ముందు మంచినీళ్ళు తాగు," అన్నాడాయన. గుడివాడలో పుట్టి బందరులో స్థిరపడ్డ మనిషి. ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా నోరు విప్పడు. ఆయన అసిస్టెంటు వాసుకు ఆ మౌనమంటేనే గొప్ప గురి.

ఆమె చెప్పుకుంది. భర్త నాంచారయ్య సముద్రం మీద చేపల వేటకెళ్ళి తుఫానులో తిరిగి రాలేదు. పిల్ల అప్పటికి పొత్తిళ్ళలో ఉంది. బయల్దేరే ముందు వల లాగేటప్పుడు పాడే పాట ఒకటి కూతురి కోసం రికార్డు చేసి పెట్టాడు. కింద ఇంటర్నెట్ సెంటరు నడిపే రాజబాబు సముద్రం పాటలన్నీ ఒక వెబ్‌సైటులో పెడుతున్నాడని తెలిసి, మరిది బాబ్జీ చేత క్యాసెట్టు పంపించింది. పాట సైటులోకి ఎక్కింది, కానీ అది వినాలంటే కంప్యూటరు కావాలి. క్యాసెట్టు తిరిగొచ్చింది. పక్కింటి టేప్‌రికార్డర్లో పెట్టి చూస్తే ఏమీ లేదు.

"పాట తరవాత ఏముందమ్మా?"

"ఏదో మాట్లాడాడండీ. పాట అయ్యేసరికి ఏడుపొచ్చి ఆపేసేదాన్ని. పిల్లకి ఊహ తెలిశాక ఇద్దరం కలిసి విందామని ఆ మాటలు అట్టే పెట్టుకున్నా."

"ఇంట్లో ఎవరెవరున్నారు?"

"మా అత్తగారు సత్యవతమ్మ, మా మరిది. అన్న పోయాక వాడు సముద్రం వైపు కన్నెత్తి చూడ్డు బాబుగారూ. పెడనలో కలంకారీ షెడ్డుకి పోతాడు, అద్దకం గుడ్డలు ఉతకడానికి. మా అత్త నోరు మంచిది కాదు. సరుకుల్లేవని నేను సణగబట్టే కొడుకు గాలివానలో పడవెక్కాడంటది. ఊరంతా అదే అంటది."

"నిజమేనా?"

"సణిగిన మాట నిజమేనండీ," అంది తల వంచుకుని.

నరసింహారావు క్యాసెట్టును వెలుగుకేసి తిప్పి చూశాడు. వీపున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేసి ఉన్నాయి.

"మా ఆయనే విరిచాడండీ, పైన ఇంకేదీ రికార్డవకూడదని."

"మరి ముక్క విరిచిన ఈ గుంట చుట్టూ జిగురేమిటి వాసూ?"

వాసు వేలితో తడిమాడు. "ఎవరో గుంటకి సెల్లోటేపు అంటించి పీకేశారు సార్. అలా మూస్తే మళ్ళీ రికార్డవుతుంది కదా!"

ముగ్గురూ కిందికి దిగారు. విషయం వినగానే రాజబాబు లేచి నిలబడ్డాడు.

"నామీదకి తోస్తారేంటి సార్? నా దగ్గరున్నది వాక్‌మన్. దానికి రికార్డు బటనే లేదు."

"కోప్పడకు. పాట ఎలా మార్చావో చెప్పు."

"వాక్‌మన్ నుంచి వైరు తెచ్చి కంప్యూటర్‌కి పెడతాను. క్యాసెట్టు ఎంతసేపు తిరిగితే అంతసేపూ ఎక్కాలి. తరవాత సౌండు పెంచి, పాట వరకు కోసి, ఫోను లైను మీద ఆగకుండా వినబడేలా చిన్న ఫైలు చేస్తా. పెద్ద ఫైలు చెరిపేస్తా, డిస్కులో చోటు చాలదు."

"పాట తరవాతి మాటలు నువ్వు విన్నావా?"

"లేదు సార్. ఇయర్‌ఫోన్ బాబ్జీకిచ్చి, అయిపోగానే ఆపెయ్యమని టీకి వెళ్ళా. వచ్చేసరికి ఇంకా తిరుగుతూనే ఉంది. అతను గోడకేసి చూస్తూ కూర్చున్నాడు."

"సరే. ఈ ఖాళీ క్యాసెట్టును కూడా అలాగే ఎక్కించు. సౌండు ఎంత పెరిగితే అంత పెంచు."

రాజబాబు వింతగా చూసి, చెప్పినట్టే చేశాడు. స్పీకర్లలోంచి ముందు బుస్సుమని హోరు. ఆ హోరు కింద ఎక్కడో మెత్తగా ధబ్, ధబ్... కాసేపు ఆగి మళ్ళీ ధబ్, ధబ్. జ్యోతిర్మయి పైట నోటికడ్డం పెట్టుకుంది.

"గుండె చప్పుడా సార్?" అన్నాడు వాసు.

"గుండెకి మధ్యలో విశ్రాంతి ఉంటుందటోయ్?" అన్నాడు నరసింహారావు. "రేపు అందర్నీ ఇక్కడికే పిలిపించు."

మర్నాడు సత్యవతమ్మ వస్తూనే అందుకుంది. "మొగుణ్ణి మింగి చాలక ఇప్పుడు పోలీసుల్ని పెట్టావుటే ఇంటిమీద?"

"పోలీసుని కాను సత్యవతమ్మగారూ. ఒక్క చప్పుడు వినిపించి పంపించేస్తా."

చప్పుడు వినిపించాడు. తలుపు దగ్గర నిలబడ్డ బాబ్జీ చేతులు జేబుల్లోకి పోయాయి.

"క్యాసెట్టు చెరపాలనుకున్నవాళ్ళు గుంటకి సెల్లోటేపు అంటించి, ఉత్తినే రికార్డు బటను నొక్కారు. ఏమీ మాట్లాడకపోతే ఏమీ పడదనుకున్నారు. కానీ టేప్‌రికార్డర్లో మైకు ఉంటుంది. గదిలో ఉన్నదంతా పాత గొంతు మీద పడింది. ఇది చెక్క అచ్చును గుడ్డమీద ఆనించి పిడికిలితో కొట్టే చప్పుడు. రెండు దెబ్బలు, మళ్ళీ రంగులో ముంచడానికి విరామం. చెరిపింది కలంకారీ షెడ్డులో. ఈ క్యాసెట్టు ముట్టుకున్నవాళ్ళలో షెడ్డుకి పోయేది ఒక్కడే. పాట తరవాతి మాటలు విన్నదీ అతనొక్కడే. ఏం విన్నావు బాబ్జీ?"

బాబ్జీ జేబుల్లోంచి చేతులు తీశాడు.

"అన్న నవ్వాడండీ. 'అమ్మడూ, ఈ వేట మీ బాబాయ్ వంతు. గాలి చూసి వాడికి భయమేస్తందంట. వాడి బదులు నే వెళ్ళొస్తా' అన్నాడు. పిల్ల పెద్దదై అది వింటదని... పాట సైటులో ఉంది కదా వదినా. ఉంది కదా అనుకునే చెరిపా."

జ్యోతిర్మయి అత్తగారివైపు తిరిగింది. ఆ ముఖంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసా అత్తా?"

"పెద్దోణ్ణి పంపింది నేనేనే," అంది సత్యవతమ్మ. "వీడు ఒణికిపోతుంటే చూళ్ళేక."

"మరి ఇన్నేళ్ళూ నన్నెందుకు..."

"నిన్నంటే నువ్వు పడతావు. వీడు పడలేడు."

వాసు తన గురువుకేసి మెచ్చుకోలుగా చూడబోయి, చూడలేకపోయాడు. రాజబాబు ఏం చెయ్యాలో తోచక సైటు తెరిచి పాట పెట్టాడు. మోడెం గీపెట్టింది. చిన్న ఫైలులో ఇరికించిన గొంతు నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టుంది. సగంలో ఆగింది. మళ్ళీ సాగింది. కుమారి తల్లి ఒళ్ళో కూర్చుని శ్రద్ధగానే వింది.

"ఎవరమ్మా పాడేది?" అని అడిగింది.

జ్యోతిర్మయి చెప్పింది. పిల్ల తలూపి, ఇంటికెళ్దామంది.

బాబ్జీ ఆ రోజు వాళ్ళ వెంట ఇంటికి రాలేదు. షెడ్డుకీ పోలేదు. దివిసీమలో, నాగాయలంక రేవులో, ఎవరి వంతు వేటకైనా తనే పడవెక్కుతున్నాడని ఎవరో చెప్పారు. మీలో ఎవరైనా అటువైపు వెళ్తే ఒకసారి వాకబు చెయ్యండి. వేళకి అన్నం తింటున్నాడో లేదో చూడండి. వదిన అడగమందని మాత్రం చెప్పకండి.