స్తంభం పక్క విస్తరి

చక్రి స్తంభం పక్కన పీట వాల్చుకుని కూర్చున్నాడు. విస్తరి మీద నీళ్ళు చల్లుకున్నాడు. ఇక అన్నం రావడమే తరువాయి. అప్పుడు వినబడింది గొంతు.

"ఏవండీ, అక్కడెవరు కూర్చోమన్నారు?"

తలెత్తాడు. నేతిగిన్నె పట్టుకుని ఒక అమ్మాయి. చున్నీ నడుముకి బిగించి కట్టింది. బుగ్గ మీద మసి. ఆ మసి సంగతి ఆమెకి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ జవాబు మర్చిపోయాడు చక్రి.

"మిమ్మల్నేనండీ! అది ముందు చెప్పకుండా వచ్చేవాళ్ళ విస్తరి."

"నేనూ చెప్పకుండానే వచ్చానండీ. బందరు నుంచి వస్తుంటే వ్యాను పంక్చరైంది. ఇటు చూస్తే పొగ, ఇంగువ పోపు వాసన. కాళ్ళు వాటంతటవే వచ్చేశాయి."

వరసలో వాళ్ళంతా నవ్వారు. ఆమె నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంది.

"సరే, తినండి. కానీ అందులో తిన్నవాళ్ళు సాయంత్రం వంటకి పొయ్యి రాజెయ్యాలి. ఇక్కడ ఆనవాయితీ అంతే."

పామర్రు నుంచి కూచిపూడి వెళ్ళే దారిలో ఉంది ఆ పాత పూటకూళ్ళ ఇల్లు. ఆదివారాలు బెజవాడ నుంచి జనం వస్తారు. వాళ్ళే రోట్లో పచ్చడి నూరి, కట్టెల పొయ్యి మీద మట్టిచట్టిలో పప్పు ఉడికించుకుని, విస్తళ్ళలో తిని పోతారు. పెత్తనం సీతారావమ్మది. పరుగంతా ఆ నేతిగిన్నె అమ్మాయిది, మనవరాలు రామతులసిది.

సాయంత్రం చక్రి పొయ్యి ముందు కూర్చున్నాడు. కట్టెలన్నీ కుక్కాడు. ఊదాడు. మంట రాలేదు గానీ కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి.

"నోటి నిండా కుక్కితే అదెలా మాట్లాడుతుందండీ? కాస్త సందివ్వాలి," అంటూ తులసి రెండు కట్టెలు లాగేసింది. "ఇంతకీ ఏం చేస్తారు మీరు?"

చక్రి దగ్గి, కళ్ళు తుడుచుకుని, "బెజవాడలో... కిచెన్ చిమ్నీలు బిగిస్తానండీ," అన్నాడు.

ఈసారి తులసికి నవ్వు ఆగలేదు. గోడకి చేరబడి మరీ నవ్వింది. ఆ నవ్వుకే అన్నట్టు పొయ్యి భగ్గుమంది.

"అసలా విస్తరి ఎవరి కోసం మొదలెట్టారండీ?" అడిగాడు చక్రి.

"నాకూ తెలీదు. మామ్మ చెప్పదు. అడిగితే పొయ్యి వైపు చూసి ముసిముసిగా నవ్వుతుంది."

ఆ ముసినవ్వు సంగతేమిటో తెలుసుకోవాలని చక్రి మళ్ళీ ఆదివారం వచ్చాడు. తనకి తాను చెప్పుకున్న కారణం అదే. తరవాత వారమూ వచ్చాడు. ఫోన్ చేసి చెప్తే వరసలో పీట వేస్తారు, సాయంత్రం పొయ్యి రాజెయ్యమనరు. అందుకని చెప్పకుండానే వచ్చేవాడు.

"ఇవాళేమైందండీ?"

"పంక్చర్."

"పామర్రు రోడ్డు మీద మేకులన్నీ మీ టైరుకేనా?"

చక్రికి సరుగుడు కట్టె ఎంత ఎడంగా పెట్టాలో తెలిసింది. ఊదుగొట్టం పట్టడం తెలిసింది. తులసి నవ్వు ఆపుకుంటే ఎడం బుగ్గ సొట్టపడుతుందనీ తెలిసింది. తెలియనిది ఒక్కటే. తన పంక్చర్లు అబద్ధమని ఆమెకి తెలుసా?

ఒకసారి పొగకి ఆమె కళ్ళు ఎర్రబడటం చూసి మనసు ఆగలేదు. మరుసటి వారం టేపు తెచ్చి, వంటిల్లు కొలవడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నారు?"

"చిమ్నీ పెడదామనండీ. డబ్బేం వద్దు. మీ కళ్ళు..."

తులసి మొహం మాడింది. "ఇన్నాళ్ళూ పొయ్యి మీద ఇష్టంతో వస్తున్నారనుకున్నాను. కొలతలకా?"

"అయ్యో, అది కాదండీ!"

"ఈ పొగ లేకపోతే పైన వాసాలకి పురుగు పడుతుంది. మీ టేపు లోపల పెట్టుకోండి."

ఆ వారమంతా చక్రికి అన్నం సయించలేదు. ఆదివారం జోరువాన. కాలువ గట్ల మీద తాటిచెట్లు కనబడనంత వాన. అయినా బయల్దేరాడు. తడిసి ముద్దై, పూటకూళ్ళ ఇంటి మెట్లెక్కి, స్తంభం వైపు చూశాడు.

అక్కడ విస్తరి లేదు.

సీతారావమ్మ అరుగు మీద కూర్చుని తమలపాకు ఈనెలు తీస్తోంది.

"నీకా విస్తరి ఇక లేదు బాబూ."

"చిమ్నీ సంగతేనా మామ్మగారూ? తప్పైపోయింది. వెళ్ళొస్తానండీ."

తిరిగి వానలోకి కాలు పెట్టాడు. వెనక నుంచి తులసి గొంతు.

"ఎక్కడికండీ? పప్పుచట్టి ఎవరు దింపుతారు?"

అర్థం కాక నిలబడిపోయాడు. సీతారావమ్మ కిసుక్కున నవ్వింది.

"ఆ విస్తరి దారినపోయేవాళ్ళది నాయనా. నేనూ పడుచుతనంలో ఇలాంటి వానలోనే వచ్చి దాని ముందు కూర్చున్నా. అప్పట్లో పొయ్యి ఊదేవాడు ఈ పిల్ల తాతయ్య. ఏదో వంకతో వస్తూనే ఉన్నా. ఓ రోజు మా అత్తగారు విస్తరి తీసేసింది. ఏడుపొచ్చి లేచి పోబోతుంటే, 'ఇంట్లో మనిషివి, అందరికీ వడ్డించి తర్వాత తిను' అంది."

"అంటే... మీరే తీసేశారా మామ్మగారూ?" అన్నాడు చక్రి.

"నేనెందుకు తీస్తాను? మొన్న దీనికి ఈ కథ చెప్పా, అంతే. ఎవరు తీశారో దాన్నే అడుగు."

తులసి చట్టి మీద మూత సర్దుతోంది. సర్దిన మూతనే మళ్ళీ సర్దింది.

"కళ్ళు మండుతున్నాయని చూసింది మీరొక్కరే," అంది తలెత్తకుండా. "అది అర్థమయ్యేసరికి మీరు వెళ్ళిపోయారు. ఈ వానలో మీ టైరుకి నిజంగానే పంక్చరైతే ఏం చెయ్యాలా అని పొద్దుట్నుంచీ..."

"టైరు ఎప్పుడూ బాగానే ఉందండీ."

"తెలుసు. మొదటిసారి తప్ప."

ఎడం బుగ్గ సొట్టపడింది.

"మీ అమ్మానాన్నల్ని తీసుకురా నాయనా," అంది సీతారావమ్మ. "ఈసారైనా ముందు చెప్పి రా."

తులసి ఒక విస్తరి తీసి చక్రి చేతికిచ్చింది. "స్తంభం పక్కన ఖాళీగా ఉండకూడదు. మీరే వెయ్యండి."

అతను వేసి, నీళ్ళు చల్లి లేచేసరికి, హెల్మెట్‌లోంచి నీళ్ళు ఒంపుకుంటూ మెట్ల మీద ఎవరో పెద్దాయన.

"ముందు చెప్పలేదండీ. భోజనం దొరుకుతుందా?"

చక్రి తులసి వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"రండి, కూర్చోండి. కానీ తిన్నాక పొయ్యి దగ్గరికి రావాలండీ. ఇక్కడ మా ఆనవాయితీ అంతే."