గరిట చప్పుడు

తెల్లారకముందే లేచి ఆ తల్లి నడవా అంతా ఖాళీ చేసింది. గోడకి ఆనించి ఉండే చెప్పుల స్టాండుని బాల్కనీలోకి, దాని పక్కనున్న స్టూలుని మంచం కిందికి చేర్చింది. పిల్లకి శ్రమ లేకుండా వీధి తలుపు కూడా సగం తెరిచి పెట్టింది. చూపు లేని పిల్ల మొదటిసారి ఉద్యోగానికి వెళ్తోంది, కాలికి ఏదీ తగలకూడదు. అంత చేసినా ఆమె మనసు కుదుటపడలేదు. స్టవ్వు వెలిగించింది, ఆర్పింది. పాలు పొయ్యడం మరిచిపోయి ఖాళీ గిన్నెకేసి చూస్తూ నిలబడింది.

ఒక పాడు జ్వరం కూతురి చూపు తీసుకుపోయింది. అప్పట్నుంచి దువ్వెన అందించడం దగ్గర్నుంచి అన్నం కలపడం దాకా అన్నీ ఈమే. చూపు లేనివాళ్ళకి పని నేర్పే కేంద్రం నుంచి ఒకావిడ రావడం మొదలయ్యాక ఈమెకి కాలు నిలవడం లేదు. తెల్ల కర్రతో మెట్లు దిగడం, బస్సెక్కడం, మాట్లాడే కంప్యూటరు వాడటం ఆవిడే నేర్పింది. ఇరుగుపొరుగు ఆవిణ్ణి కర్ర టీచరమ్మ అంటారు. నీటి సరఫరా ఆఫీసులో ఫోన్లో ఫిర్యాదులు తీసుకునే పని చూపించిందీ ఆవిడే. కొన్నాళ్ళు చూసి, నచ్చితేనే ఉంచుకుంటారట.

"నీళ్ళు రాలేదని ఊరంతా తిట్టే తిట్లు వినడం కూడా ఒక ఉద్యోగమేనా?" అని తల్లి నిన్న సణిగింది.

"ఇంట్లో ఊరికే వింటున్నాగా. అక్కడైతే జీతమిస్తారు," అంది కూతురు జడ అల్లుకుంటూ.

తల్లికి నవ్వొచ్చింది. నవ్వితే ఒప్పుకున్నట్టవుతుందని మింగేసింది.

కూతురు తయారై గదిలోంచి వచ్చింది. ఇంట్లో కర్ర పట్టదు. తల్లి ఊపిరి బిగబట్టి, అడుగుల సవ్వడి కూడా కానివ్వకుండా వెనకే నడిచింది. నడవాలో పిల్ల ఆగింది. చెయ్యి చాచి గాలిలో తడిమింది. ఇంకో అడుగు వేసి మళ్ళీ తడిమింది. తికమకపడి పక్కకి తిరగ్గానే సగం తెరిచిన తలుపు అంచు నుదుటికి కొట్టుకుంది.

"చూశావా," అంది తల్లి, కొంగుతో రక్తం అద్దుతూ. "నట్టింట్లోనే ఇలా అయితే నడిరోడ్డు మీద నీ గతేంటి?"

అప్పుడే మెట్లెక్కి వచ్చిన టీచరమ్మకి, అమ్మాయి ఇవాళే కాదు, ఇంకెప్పుడూ రాదని గుమ్మంలోనే చెప్పేసింది. టీచరమ్మ నొచ్చుకోలేదు. కూతురి వైపు తిరిగి, ఏమైందని మాత్రం అడిగింది.

"చెప్పుల స్టాండు లేదండీ. ఎవరు తీశారో."

"నేనే," అంది తల్లి. "నీకు అడ్డమని."

"అడ్డం కాదమ్మా. అది చేతికి తగిలితేనే తలుపు ఎటుందో నాకు తెలిసేది. అన్నీ తీసేస్తే ఇల్లు మైదానంలా ఉంది." పిల్ల నుదురు తడుముకుంది. "పైగా నువ్వూ లేవు. రోజూ వంటింట్లో నీ గరిట చప్పుడు కుడి చెవిలో పడుతుంటే, సరిగ్గానే వెళ్తున్నాననుకునేదాన్ని. ఇవాళ అదీ లేదు."

తల్లి స్టాండు లేని ఖాళీ గోడకేసి చూసింది. జానెడు దూరంలో, కంటికి రెప్పలా వెనకే ఉంది తను. అయినా లేనట్టే అయింది.

ఆమె వెళ్ళి స్టాండు మోసుకొచ్చింది. ఇన్నేళ్ళూ చూసిన వస్తువే, ఎక్కడుండేదో మాత్రం సరిగ్గా గుర్తు రాలేదు. కూతురు పాదంతో తోసి కాస్త జరిపింది. తల్లి స్టూలు తెచ్చి పక్కన పెట్టింది, టీచరమ్మని లోపలికి పిలిచి తలుపు మూసింది, నుదుటికి మందు రాసింది.

"ఈ దెబ్బ చూసి ఆఫీసులో ఏమనుకుంటారో."

"మా ఇంట్లో కూడా నీళ్ళ కోసం కొట్టుకున్నామని చెప్తాలే."

ఈసారి తల్లి నవ్వు ఆపుకోలేదు. కళ్ళు తుడుచుకుని, "మరి నన్నెక్కడ ఉండమంటావ్?" అంది.

"ఎప్పుడూ ఉండే చోటే."

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. గరిట గిన్నె అంచుకి తగిలించింది. నడవాలో అడుగులు సాగాయి, స్టాండు దగ్గర ఆగాయి. తలుపు తెరుచుకుంది, అడుగులు తిన్నగా గుమ్మం దాటాయి. మెట్ల మీద కర్ర చప్పుడు, టీచరమ్మ మాటలు దిగిపోయాయి. వీధిలో బస్సు వచ్చింది, కదిలింది. గిన్నెలో ఇంకా పాలు పొయ్యలేదు. ఆమె గరిట తిప్పుతూనే ఉంది.