కాటా గదిలో పెద్ద అక్షరాలు

చిల్లకల్లు హైవే పక్కన కనకయ్య గారి లారీ కాటాలో మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కగానే క్రాంతికుమార్ చేసే మొదటి పని, పొద్దుటి ఆపరేటర్‌ని తిట్టుకోవడం.

ఆమె పేరు పరిమళ. నందిగామ నుంచి వస్తుంది. ఆరింటి నుంచి రెండింటి దాకా ఆమె, ఆ తర్వాత జగ్గయ్యపేట నుంచి వచ్చే ఇతను. ఇద్దరికీ కుర్చీ ఒకటే, కంప్యూటర్ ఒకటే. ఇతను వచ్చేసరికి ఆమె బస్సు కోసం పరుగెడుతూ ఉంటుంది.

ఆ రోజు వాన దంచుతోంది. లారీ కాటా ఎక్కింది. క్రాంతి మౌస్ ఎడమ బటన్ నొక్కితే ఏదో మెనూ తెరుచుకుంది. బటన్లు తారుమారయ్యాయి. నిన్న తను పెద్దవి చేసుకున్న అక్షరాలు మళ్లీ చీమల్లా అయిపోయాయి. బయట డ్రైవర్ హారన్ మీద చెయ్యి తీయడం లేదు.

"మళ్లీ మార్చేసింది మహాతల్లి!"

"మార్చకపోతే నేనెట్లా చెయ్యాలండీ?"

గిరుక్కున తిరిగాడు. గుమ్మంలో పరిమళ, తడిసిన గొడుగు దులుపుతోంది. వానకి బస్సు అందలేదు కాబోలు.

"ఇది మీ ఒక్కరి కంప్యూటర్ కాదండి" అన్నాడు తమాయించుకుని.

"మీ ఒక్కరిదీ కాదుగా! నాది ఎడమచేతి వాటం. బటన్లు మార్చుకోకపోతే పని సాగదు. మరి మీకెందుకండీ అంతలేసి అక్షరాలు? రోడ్డు మీద పోయే బస్సుల్లో వాళ్లు కూడా చదువుకోవాలా?"

క్రాంతి చప్పున తెర వైపు తిరిగాడు. ఆ ప్రశ్నకి జవాబు ఉంది. అది బయటపడితే మాత్రం ఉద్యోగం ఉండదు.

అంతలో కారు ఆగింది. కనకయ్య గారు పంచె పైకి పట్టుకుని లోపలికొచ్చారు.

"ఏమయ్యా క్రాంతీ! పోయిన వారం రెండు స్లిప్పులు తప్పు కొట్టావు. ఒక లారీ ఖాళీ బరువు ఇంకో లారీ పేరు మీద ఎక్కించావు. ఫ్యాక్టరీ వాళ్లు ఫోన్ చేసి నా పరువు తీశారు. ఇంకోటి తప్పు పడిందా, నువ్వు రేపట్నుంచి రానక్కర్లా."

"జాగ్రత్తగా చేస్తానండి."

"చెయ్యి. ఇక్కడే నిలబడి చూస్తా."

కాటా మీదున్నది సరుకు దించి వచ్చిన ఖాళీ లారీ. పొద్దున నిండు బరువు చూసినప్పటి నంబరుని లిస్టులో వెతికి దానికే ఈ ఖాళీ బరువు ఎక్కించాలి. డ్రైవర్ కిటికీలోంచి అరిచాడు: "నలభై ఆరు ఎనభై ఎనిమిది!"

లిస్టులో రెండు నంబర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. 4638. 4688. క్రాంతి మెడ వంచి, ముక్కు తెరకి ఆనేంత ముందుకి వంగాడు. బాణం గుర్తు పై వరస మీద ఆగింది. వేలు బటన్ మీద బిగుసుకుంది.

"అబ్బ, ఎంత దుమ్మో చూడండి" అంటూ పరిమళ చున్నీ చెంగుతో సరిగ్గా ఆ పై వరసని తుడవసాగింది. తుడుస్తూనే ఉంది.

క్రాంతి కింది వరస నొక్కాడు. స్లిప్పు వచ్చింది. కనకయ్య గారు కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "ఊఁ" అని వెళ్లిపోయారు.

లారీ కదిలాక పరిమళ మెల్లగా అడిగింది.

"ఏ కన్నండీ?"

అతను కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"కుడిది. చిన్నప్పుడు కర్రాబిళ్ల ఆడుతుంటే తగిలింది. ఎడమది బానే ఉంది గానీ చూసీ చూసీ అలిసిపోద్ది. మూడూ ఎనిమిదీ ఒకటే అనిపిస్తాయి. ఉద్యోగం అడిగినప్పుడు రెండు చోట్ల ముందే చెప్పా, రెండు చోట్లా వద్దన్నారు. చెల్లి అక్షయ డిగ్రీ చదువు నా జీతం మీదే నడుస్తోంది. ఇక్కడ చెప్పే ధైర్యం చాల్లేదండి."

"అంటే రోజూ మీ అక్షరాలు చిన్నవి చేసి పోయింది నేనా?" ఆమె మొహం వాడిపోయింది. మరుక్షణం గొడుగు మూలన పడేసింది. "లేవండి ఆ కుర్చీలోంచి."

"మీ బస్సు?"

"ఇంకోటొస్తది. ముందు ఇద్దరికీ వేరువేరు అకౌంట్లు. మీ పేరు నొక్కితే మీ సెట్టింగులు, నా పేరు నొక్కితే నావి. ఇక ఎవరి గొడవ వాళ్లది."

"ఒకే కంప్యూటర్లోనా?"

"రెండు నెలలుగా కొట్టుకునే బదులు ఈ పని ఎప్పుడో చెయ్యాల్సింది. ఇప్పుడు చూడండి, అక్షరాలు నూటయాభై శాతం. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పెడుతున్నా, కంటికి మిరుమిట్లు ఉండవు. బాణం గుర్తు పెద్దది చేశా. ఏ రంగు కావాలి?"

"మీ చున్నీ రంగు."

ఆమె తలెత్తింది. అతను నాలుక్కరుచుకున్నాడు.

"పసుపు అని చెప్పొచ్చుగా" అంది, నవ్వు దాచుకుంటూ. "నంబరు అనుమానంగా ఉంటే విండోస్ బటన్ పట్టుకుని ప్లస్ కొట్టండి. తెర మొత్తం భూతద్దంలో పెట్టినట్టు అవుద్ది. మైనస్ కొడితే మామూలు."

కొట్టాడు. ఎనిమిది అరచేతంత అయింది. రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి, స్పష్టంగా. క్రాంతి దాన్ని వేలితో తడిమి చూశాడు.

"ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"నందిగామలో డీటీపీ చేసేదాన్ని. ఎడమచేతి వాటం దాన్ని కదా, ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా తిక్కగా ఉండేది. కోపమొచ్చి సెట్టింగులన్నీ తవ్వేశా."

మూడు వారాలు ఒక్క స్లిప్పు తప్పు పడలేదు. గొడవకి కారణం లేదు, అయినా క్రాంతి గంట ముందే రావడం మొదలెట్టాడు. ఆమె రెండింటి బస్సు వదిలేసి తర్వాతి దానికి వెళ్లడం మొదలెట్టింది. ఎందుకని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం కనకయ్య గారొచ్చి భుజం తట్టారు. "శభాష్ క్రాంతీ! ఇప్పుడు జాగ్రత్త తెలిసింది నీకు."

ఊరుకుంటే సరిపోయేది. క్రాంతి లేచి నిలబడ్డాడు.

"నా జాగ్రత్త కాదండి, పరిమళ గారిది. నాకు కుడి కన్ను కనపడదు. మీ దగ్గర దాచా. ఆవిడ ఈ తెరని నా కోసం మార్చి ఇచ్చారు. అందుకే తప్పు పడట్లేదు."

మూలన బ్యాగు సర్దుకుంటున్న పరిమళ గబుక్కున తలెత్తింది.

కనకయ్య గారు ముందుకొచ్చారు. కుర్చీలో కూర్చున్నారు. తెర వైపు చూశారు. కళ్లద్దాలు తీసి మళ్లీ చూశారు. ఒక్కో నంబరూ పైకి చదివారు, చివరి దాకా.

"అద్దాలు లేకుండా కనపడతన్నాయే!" అన్నారు. "రెండు కళ్లూ ఉండి, ఆ పాత తెర మీద నాకే ఒక్క ముక్క తెలిసేది కాదయ్యా. దాచావు చూడు, అది తప్పు. ఇంకెప్పుడూ దాచకు. పన్జేసుకో. అమ్మా పరిమళా, మా కొట్లో కంప్యూటర్‌కి కూడా ఇట్లా చేసిపెట్టమ్మా."

ఆయన వెళ్లగానే పరిమళ విరుచుకుపడింది.

"ఎందుకు చెప్పారండీ? ఉద్యోగం పోయుంటే?"

"మీరు చేసిన మేలుకి మెప్పు నేనెట్లా తీసుకుంటానండీ? రోజూ ప్రార్థనలో దేవుడికి మీ గురించి థాంక్స్ చెప్తున్నా. అయినా సరిపోట్లా. బతికినంత కాలం మీ పక్కనుండి చెప్పుకోవాలనుంది. మీకు ఇష్టమైతేనే."

దూరంగా బస్సు కనిపించింది. పరిమళ బ్యాగు భుజానికి తగిలించుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"ఆదివారం ఆరాధన అయ్యాక నందిగామ రండి. అమ్మకి మీ గురించి చెప్పా."

"ఏమని?"

"అంతా."

"కన్ను సంగతి కూడానా?"

"ముందు అదే చెప్పా."

క్రాంతి గుమ్మం దాకా వచ్చేశాడు. "ఏమన్నారు?"

"టీ తాగి వెళ్తాడా, అన్నం తిని వెళ్తాడా అనడిగింది."

"మీరేం చెప్పారు?"

ఆమె అప్పటికే రోడ్డు మీదికి పరుగెత్తింది. బస్సెక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపుతూ అరిచింది.

"అన్నమే!"