బొద్దుపిట్ట ఇంట్లో చీపురు

"నా ఇల్లు! అక్క నా ఇల్లు పీకేసింది!"

మధ్యాహ్నం భోజనాలు అయ్యాయో లేదో, చంటి ఏడుపు లంకించుకున్నాడు. బల్ల చుట్టూ కుర్చీలు, పైన దుప్పటి, లోపల బోలెడన్ని చింపిన కాగితాలు. పొద్దున్నుంచీ వాడు కష్టపడి కట్టుకున్న ఇల్లది. ఇప్పుడు కుర్చీలు గోడవారగా బుద్ధిగా నిలబడ్డాయి. దుప్పటి మడతపడి బీరువాలో చేరింది. కాగితాలు చెత్తబుట్టలో పడ్డాయి.

"ఇల్లేంట్రా, చెత్త!" అంది వాళ్ళక్క చేతులు దులుపుకుంటూ.

ఆ పిల్లకు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఇంట్లో అందరూ 'నీటు' అనే పిలుస్తారు. పదేళ్ళకే అంత శుభ్రం. గుమ్మం దగ్గర చెప్పులు కాస్త వంకరగా ఉంటే చాలు, దానికి నిద్ర పట్టదు. స్కూల్లో టీచర్ బల్ల కూడా ఎవరూ అడక్కుండానే సర్దేస్తుంది. ఎక్కడికెళ్ళినా మెచ్చుకునేవాళ్ళే. అలాంటిది, వీడొక్కడూ ఎందుకు ఏడుస్తున్నాడో నీటుకు అస్సలు అర్థం కాలేదు.

"చాలు, ఇక ఆపండి. ఇద్దరూ నాతో బయల్దేరండి. సాయంత్రానికల్లా నా అడవి పూర్తి కావాలి" అంది అమ్మ.

అమ్మ మ్యూజియంలో బొమ్మలు చేస్తుంది. ఈసారి ఆమె చేస్తున్నది మాత్రం ఒక అడవి. అనగా అనగా కాదు గానీ, చాలా కాలం కిందట, సముద్రం మధ్యలో ఒక దీవిమీద ఎగరలేని పక్షి ఒకటుండేది. పొట్టి కాళ్ళు, గుండ్రటి పొట్ట, పేరుకు మాత్రం రెండు రెక్కలు. పుస్తకాల్లో దానికి నోరు తిరగని పేరుంది. చంటి దాన్ని బొద్దుపిట్ట అంటాడు. పాపం, ఇప్పుడు ఆ జాతిలో ఒక్కటీ మిగల్లేదు. అది తిరిగిన అడవీ లేదు.

ఆ అడవిని ఉన్నదున్నట్టు ఒక గదంత గాజుపెట్టెలో మళ్ళీ కట్టడమే అమ్మ పని. సాయంత్రం మేస్త్రి వచ్చి ముందువైపు అద్దం బిగించేస్తాడు. ఆ తర్వాత లోపల చెయ్యి పెట్టడానికి వీల్లేదు. రేపు పొద్దున్నే ఊళ్ళో పిల్లలంతా చూడ్డానికి వస్తారు.

మ్యూజియం హాల్లో మట్టి మేడమ్ అప్పటికే ఎదురుచూస్తోంది. ఆవిడ సైంటిస్టు. ఆ దీవిలోని చెరువు అడుగునుంచి తవ్వి తెచ్చిన పాత మట్టిని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తుంది. అందులో దొరికిన గింజల్నీ, ఆకు ముక్కల్నీ, పురుగుల రెక్కల్నీ బట్టి అక్కడ ఎలాంటి అడవి ఉండేదో చెబుతుంది. ఆవిడ చెప్పినట్టల్లా అమ్మ చేస్తుంది.

"మేమిద్దరం వెళ్ళి పక్షి బొమ్మను మోసుకొస్తాం. ఈలోగా కింద కాస్త ఊడ్చి పెట్టు తల్లీ" అని నీటు చేతికి చీపురిచ్చి, అమ్మ మేడమ్‌తో కలిసి పక్క గదిలోకి వెళ్ళింది.

చీపురు చేతికొస్తే నీటుకు ఏనుగెక్కినంత సంబరం. హాల్లో పడి ఉన్న రంపపు పొట్టు, తీగ ముక్కలు గబగబా ఊడ్చేసి సంచిలోకి ఎత్తేసింది. తర్వాత గాజుపెట్టెలోకి తొంగి చూసింది. చెట్లు ఎంత బాగున్నాయో! కానీ చెట్ల కింద... అబ్బబ్బ! ఎండుటాకులు, పుల్లలు, నత్త పెంకులు, పుచ్చిపోయిన దుంగ ఒకటి.

'అమ్మ కింద ఊడ్చమంది కదా. చెట్ల కింద కూడా కిందే' అనుకుని నీటు లోపలికి దూరింది.

"అక్కా, వద్దు. అది బొద్దుపిట్ట ఇల్లు" అన్నాడు చంటి భయం భయంగా.

"ఇల్లేంట్రా, చెత్త! నువ్వలా కూర్చో."

కాసేపట్లో నేలంతా అద్దంలా తయారైంది. దుంగ బయటికొచ్చేసింది. ఆకులన్నీ రంపపు పొట్టుతో కలిసి సంచిలో పడ్డాయి. అమ్మ ఎంత మురిసిపోతుందో అని నీటు గుమ్మంవైపే చూస్తూ నిలబడింది.

అమ్మ, మేడమ్ పక్షిని చెరోవైపు పట్టుకుని మెల్లగా వచ్చారు. అడవిని చూడగానే అమ్మ అడుగు ఆగిపోయింది.

"నీటూ... ఆకులేవి?"

"ఊడ్చేశానమ్మా! నువ్వే కింద ఊడ్చమన్నావుగా."

అమ్మ పక్షిని మెల్లగా కింద దించి, ఖాళీ నేలను చేత్తో తడిమింది. అమ్మ తిట్టినా బాగుండేది. ఆ ఆకులు నిజం ఆకులు కావు. ఒక్కొక్కటీ కాగితంతో కత్తిరించి, రంగు వేసి అమ్మ చేసినవే. రాత్రిళ్ళు వంటింటి బల్లమీద అవన్నీ ఆరుతూ ఉండడం నీటు రోజూ చూసింది. అది ఇప్పుడు గుర్తొచ్చింది.

"నా తప్పే. కింద అంటే హాల్లో నేల అనుకున్నాను, విడమరిచి చెప్పలేదు" అంది అమ్మ చివరికి, నీరసంగా.

మేడమ్ పక్షిని తెచ్చి ఆ శుభ్రమైన నేలమీద నిలబెట్టింది.

"ఒక్కసారి చూడమ్మా" అని నీటును పిలిచింది.

నీటు చూసింది. గోధుమరంగు పక్షి, బోసినేల మధ్య వెలవెలబోతూ నిలబడి ఉంది. దారి తప్పిన పిల్లలా ఉంది.

"పైన డేగ వచ్చిందనుకో. ఇదేం చేస్తుంది?"

"ఎగిరి..." అనబోయి నీటు నాలుక కరుచుకుంది. "దాక్కుంటుంది."

"ఎక్కడ?"

నీటు ఆ నున్నటి నేలంతా కళ్ళతో వెతికింది.

"ఆకుల్లో దాక్కునేదే" అన్నాడు చంటి.

"అంతే. తినే పురుగులు ఆకుల కింద, పెట్టిన గుడ్డు దుంగ తొర్రలో. ఎగరలేనిదానికి ఆ నేలే అన్నీ" అంది మేడమ్.

"మరి దీవిలో కూడా... ఎవరైనా ఇలాగే ఊడ్చేశారా?" అని అడిగింది నీటు.

"దాదాపు అలాంటిదే. పడవల్లో మనుషులొచ్చారు. చెడ్డవాళ్ళేం కాదు. ఇళ్ళు కావాలనుకున్నారు, పొలాలు కావాలనుకున్నారు. చెట్లు కొట్టి, ఆకులు తగలబెట్టి నేల చదును చేశారు. ఇక్కడ అప్పటికే ఎవరైనా ఉంటున్నారా అని మాత్రం అడగలేదు."

నీటు చీపురు గోడకు ఆనించి, సంచిని నేలమీద గుమ్మరించింది. రంపపు పొట్టులోంచి ఒక్కో ఆకునూ ఏరి, నోటితో ఊది, పక్కన పెట్టడం మొదలుపెట్టింది. చంటి వచ్చి నత్త పెంకులు ఏరాడు. అమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది.

ఏరడం అయ్యాక నీటు లోపలికి వెళ్ళి ఆకులు పేర్చసాగింది. తలెత్తి చూసిన అమ్మకు నవ్వాగలేదు. పెద్దాకులన్నీ ఒక వరస, చిన్నాకులన్నీ ఒక వరస. అన్నీ ఒకే దిక్కుకు తిరిగి, స్కూల్లో పిల్లల్లా లైన్లో నిలబడ్డాయి.

"ఏ చెట్టయినా అలా రాలుస్తుందా తల్లీ?"

"మరెలా వెయ్యాలి?"

"ఇలా!" అంటూ చంటి దోసెడు ఆకులు పైకి ఎగరేశాడు. కొన్ని పక్షి వీపుమీద పడ్డాయి, కొన్ని వాడి నెత్తిమీదే పడ్డాయి.

నీటు స్టూలెక్కి, గుప్పిట నెమ్మదిగా వదిలింది. ఆకులు తిరుగుతూ, ఒకదానిమీద ఒకటి అడ్డదిడ్డంగా పడ్డాయి. ఒకటి తలకిందులైంది. సరిచేద్దామని చెయ్యి జాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

అద్దాల మేస్త్రి వచ్చేసరికి దుంగ కూడా తన చోటికి చేరింది. ఆయన పెట్టెలోకి అటూ ఇటూ చూశాడు.

"అంతా బాగానే ఉంది గానీ, పక్షేదండీ?"

అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని పకపకా నవ్వారు. దుంగ పక్కన, ఆకుల మధ్య, బొద్దుపిట్ట హాయిగా దాక్కుని ఉంది.

మర్నాడు ఇంట్లో అమ్మ మళ్ళీ పిలిచింది. "నీటూ, కింద కాస్త ఊడ్చి పెట్టు తల్లీ."

నీటు చీపురు తీసుకుని గదంతా ఊడుస్తూ బల్ల దగ్గరికొచ్చింది. మళ్ళీ కుర్చీలు, మళ్ళీ దుప్పటి. చెయ్యి దానంతటదే దుప్పటి అంచుమీదికి పోయింది. అక్కడే ఆగింది.

నీటు చీపురు కింద పెట్టి, వంగి, బల్ల కాలుమీద రెండుసార్లు తట్టింది.

"ఇంట్లో ఎవరైనా ఉన్నారా అండీ?"

లోపల కాగితాలు గలగలమన్నాయి.

"బొద్దుపిట్ట ఉంది. గుడ్డు పొదుగుతోంది. తర్వాత రండి."

"సరేనండీ" అంది నీటు. దుప్పటి చుట్టూ ఊడ్చుకుంటూ వెళ్ళింది. అంతలో చింపిన కాగితం ముక్క ఒకటి చీపురుకు తగులుకుని బయటికొచ్చింది. నీటు దాన్ని ఏరి తీసి, దుమ్ము ఊది, దుప్పటి కిందనుంచి లోపలికి తోసింది.

"మీ ఆకు పడిపోయిందండీ" అంది.