చప్పిడి కూర

"ఈ ఎండలకి, ఆ పొయ్యి వేడికి మీరు ఏదో ఒకరోజు అక్కడే కుప్పకూలిపోతారండీ. నా మాట విని ఇది తాగుతూ ఉండండి."

బేకరీకి బయల్దేరుతున్న భర్త ముందు ఆమె నీళ్ళ సీసా పెట్టింది. ఆయన పని రొట్టెల పొయ్యి దగ్గర. చొక్కా పిండితే చెంబుడు చెమట. అందుకే నెల నుంచి రోజూ రెండు పూటలా చెమటలకి నీరసం రాకుండా తాగే నిమ్మరుచి పొడి నీళ్ళలో కలిపి ఇస్తోంది. మందుల షాపులో రెండు రకాలు చూపించారు. ఒకదాంట్లో చక్కెర ఉందన్నారు. ఉన్న బీపీ చాలదా, షుగరు కూడా తగులుకుంటేనో? హడలిపోయి చక్కెర లేనిది తీసుకుంది.

"అది బాగా ఆటలాడేవాళ్ళు తాగేదండీ" అన్నాడు అప్పుడు షాపతను.

"మా ఆయన పడే పాట్ల ముందు ఆ ఆటలెంత బాబూ!" అంది.

ఆయన సీసా అందుకునేలోపే కొడుకు, "ఒక్క నిమిషం నాన్నా" అంటూ బీపీ పట్టీ చుట్టాడు. అంకె చూసి మళ్ళీ చుట్టాడు.

"అమ్మా, పోయిన నెలకంటే చాలా పెరిగింది. ఈరోజు పని వద్దు, డాక్టరు దగ్గరికి వెళ్దాం."

ఆమె విసురుగా వంటింటి గుమ్మంలో ఉన్న కోడలి వైపు తిరిగింది.

"కూరలో ఉప్పు వేస్తున్నావు కదూ? నిజం చెప్పు!"

"నేనా? మావయ్య కోసం అందరం చప్పిడి కూరే తింటున్నాంగా అత్తయ్యా!"

"నా కళ్ళముందు చప్పిడే. నేనటు తిరగ్గానే? నీ నోటి రుచి కోసం ఆయన్ని చంపేస్తావా?"

"అమ్మా!" అని అరిచాడు కొడుకు.

కోడలు గుమ్మంలోంచి ఇవతలికి వచ్చేసింది. "ఆ మాట పడ్డాక ఈ వంటింట్లో అడుగు పెట్టను. మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను" అంటూనే ఏడుపుతో పొలమారి ఉక్కిరిబిక్కిరైంది. కొడుకు కంగారుగా బల్ల మీది సీసా అందించాడు. గుక్కెడు తాగి, తుపుక్కున ఉమ్మేసింది.

"ఇదేంటి... ఇంత ఉప్పు!"

అత్తగారు సీసా లాక్కుని అరచేతిలో పోసుకుంది. ఇన్నాళ్ళూ నిమ్మ వాసన చూసిందే తప్ప ఏనాడూ నాలుక మీద వేసుకోలేదు. వేసుకున్న మరుక్షణం ఉప్పు తగిలి వెనక్కి తూలింది. పడబోతుంటే పట్టుకున్నది కోడలే.

"నేనే... నా చేత్తో నేనే పోశానే! నా నోరు పడిపోను, నిన్నెంత మాటన్నాను! వెళ్ళకమ్మా."

"నా కోపం సంగతి తర్వాత చూద్దాం అత్తయ్యా. ముందు మావయ్యని తీసుకెళ్దాం పదండి" అంది కోడలు ముక్కు తుడుచుకుంటూ.

ఆమె భర్త వైపు చూసింది. "నెల రోజులు తాగారే! మీకైనా తెలియలేదా?"

ఆయన తల వంచుకునే చెప్పాడు.

"తెలుసు. నోటికి రుచి తగిలేది అదొక్కటే. చెబితే మానిపిస్తారని..." కోడలి వైపు తిరిగాడు. "నిన్నన్నేసి మాటలంటున్నా నేను నోరు విప్పలేదు చూడు తల్లీ, ఆ తప్పు మాత్రం నాదే."